విడి టీం ఇచ్చారు, సంతకాలు మాత్రం పాతవే: ఎండీని ఏం అడగాలి?

టెంకజీడి
చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పదకొండేళ్ళుగా క్వాలిటీలో పనిచేస్తున్నా. కంపెనీ పేరు వద్దు. పోయినేడు మే నెలలో మా ఎండీ పిలిచి, "టెంక మీద ఏదన్నా చేయండయ్యా, ఏటా ఊరికే పారబోస్తున్నాం" అన్నారు. తోతాపురి టన్ను వేస్తే అందులో సగం, కాస్త అటూ ఇటూగా, తొక్కా టెంకే. టెంక పగలగొట్టి, లోపలి జీడి ఎండబెట్టి తీస్తే కొవ్వు వస్తుంది. దాని గుణం కోకో వెన్నకు దగ్గర. యూరప్ చాక్లెట్ నియమాల్లో కోకో వెన్న కాకుండా 5 శాతం దాకా కలపడానికి ఒప్పుకున్న ఆరు రకాల కొవ్వుల్లో ఇదొకటి. సబ్బులు, క్రీములు చేసేవాళ్ళకూ పనికొస్తుంది.

నలుగురితో విడి టీం అన్నారు. నోటీసు బోర్డులో పెట్టారు, పాత గోడౌన్లో ఒక గది ఇచ్చారు. అప్పుడు ఎంత సంతోషపడ్డామో చెప్పలేను. తర్వాత మొదలైంది కథ. చిన్న ట్రే డ్రయ్యర్ కొనిపెట్టమని ఇండెంట్ (స్టోర్స్‌కు అర్జీ) పెట్టా. మూడు కొటేషన్లు, స్టోర్స్ సంతకం, ప్లాంట్ మేనేజర్ సంతకం, పర్చేజ్, అకౌంట్స్. ఏడు వారాలు పట్టింది. జీడి రెండు రోజులు తడిగా ఉంటే బూజు పడుతుంది. మూడు లోడ్లు కళ్ళ ముందే పోయాయి.

అంతకన్నా పెద్ద బాధ ఇంకొకటి. జూన్‌లో సీజన్ ఊపందుకోగానే మా నలుగురినీ గుజ్జు లైన్ మీదికి లాగేశారు. టెంక దొరికేదే జూన్, జులైలో. టెంక ఉన్నప్పుడు మేముండం, మేమున్నప్పుడు టెంక ఉండదు. నెలనెలా రిపోర్టు మాత్రం అడుగుతారు, అదీ గుజ్జు లైన్ ఫార్మాట్‌లోనే: ఎన్ని టన్నులు, ఎంత లాభం.

వచ్చే సీజన్ లోపు ఎండీతో కూర్చోవాలి. మీ కంపెనీల్లో ఇలాంటి కొత్త పనికి నిజంగా స్వేచ్ఛ ఇచ్చారా? ఏం అడిగితే దక్కింది?

పాకాల_జంక్షన్
వేరుకాపురం పెట్టించి బియ్యం డబ్బా తాళం అత్తగారి దగ్గరే ఉంచినట్టుంది.

రేణిగుంట_నైట్‌షిఫ్ట్
అన్నా, దీనికి పాత ఉదాహరణ ఒకటుంది. 1943లో అమెరికాలో లాక్‌హీడ్ విమానాల కంపెనీ, యుద్ధ సమయం. వెంటనే జెట్ యుద్ధ విమానం కావాలి. కెల్లీ జాన్సన్ అనే ఇంజినీరు కొద్దిమందిని తీసుకొని పక్కకు వెళ్ళి, ఒక పెద్ద గుడారం లాంటి చోట పని మొదలుపెట్టాడు. 143 రోజుల్లో విమానం తయారైంది. ఆ విభాగానికి స్కంక్ వర్క్స్ అని పేరు నిలిచిపోయింది. స్కంక్ అంటే కంపు కొట్టే ఒక జంతువు, పక్కనున్న ప్లాస్టిక్ ఫ్యాక్టరీ కంపు వల్ల వాళ్ళలో వాళ్ళు పెట్టుకున్న పేరు అది.

ఆయన తర్వాత 14 నియమాలు రాసుకున్నాడు. మొదటిదే నీ సమస్య: ప్రాజెక్టు నడిపేవాడికి అన్ని విషయాల్లో దాదాపు పూర్తి అధికారం ఉండాలి, అతను చాలా పై స్థాయి మనిషికే జవాబు చెప్పాలి. నువ్వు ప్లాంట్ మేనేజర్ కింద ఉన్నంతకాలం ఆయనకు గుజ్జే ముఖ్యం. ఆయన తప్పేం కాదు, ఆయన్ని కొలిచేది గుజ్జు టన్నులతోనే కదా. నేరుగా ఎండీకి రిపోర్ట్ చేస్తానని అడుగు.

పాకాల_జంక్షన్
కంపు సంగతైతే చిత్తూరోళ్ళకు అమెరికా దాకా పోనక్కర్లేదు. జులైలో తొక్కల గుట్ట పక్క నుంచి బస్సులో పోతే చాలు.

లెడ్జర్_అక్క
నేను శ్రీసిటీలో ఒక కంపెనీ అకౌంట్స్‌లో ఉన్నా. ఎవరూ మా వైపు మాట్లాడరు కాబట్టి నేనే రాస్తా.

రేణిగుంట తమ్ముడు ఆ 14 నియమాల్లో మొదటిది చెప్పాడు. అందులోనే ఇంకోటి ఉంది, నెలనెలా ఖర్చు లెక్క చూసుకోవాలని. ఎంత ఖర్చయింది అనే కాదు, పని పూర్తయ్యేసరికి ఎంతవుతుందో కూడా ఆ లెక్కలో ఉండాలి. స్వేచ్ఛ గురించి చెప్పేవాళ్ళు ఆ నియమం ఎందుకు వదిలేస్తారో నాకు అర్థం కాదు.

నేను ఇంతకుముందు పనిచేసిన చోట ఇలాగే ఒక "స్పెషల్ టీం"కు మామూలు దారి తప్పించి కొనుక్కోమన్నారు. వాళ్ళు మంచివాళ్ళే, దొంగలు కాదు. హడావిడిలో ఒక మెషిన్‌కు సగం కన్నా ఎక్కువ అడ్వాన్స్ కట్టేశారు. అమ్మినవాడు జీఎస్టీ బిల్లు సరిగ్గా ఇవ్వలేదు, మెషిన్ ఆలస్యంగా వచ్చింది, వచ్చింది కూడా పనిచేయలేదు. ఏడాది చివర్లో ఆడిటర్ ముందు కూర్చున్నది నేను. ఆ టీం అప్పటికి వేరే ప్రాజెక్టుకు వెళ్ళిపోయింది. నాకు రెండు నెలలు నిద్ర లేదు. అందుకే సంతకం అడుగుతాం. మీ పని ఆపాలని కాదు.

టెంకజీడి
అక్కా, మీ మాట కాదనను. కానీ ఏడు వారాలు? అది చిన్న డ్రయ్యర్. పర్చేజ్ వాళ్ళ బల్ల మీద అది ఒక బాయిలర్ ఫైలు కింద, డ్రమ్ముల ఆర్డరు కింద పడుంది. అక్కడ ఎవరికీ దాన్ని ముందుకు తీయాల్సిన అవసరమే లేదు. సంతకం చేయనని ఎవరూ అనలేదు. ఎవరికీ తొందర లేదు, అంతే.

లెడ్జర్_అక్క
ఈ మాట ఒప్పుకుంటా. మా దగ్గర ఫైలు ఆగేది ఎక్కువసార్లు ఇలాగే. కోపంతో ఆపేవాళ్ళు తక్కువ.

సూళ్ళూరుపేట_సైకిల్
డబ్బు సంగతి వచ్చింది కాబట్టి మన వైపు ముచ్చటే చెప్తా. మా మామయ్య శ్రీహరికోటలో పనిచేసి రిటైరయ్యారు, ఆయన దగ్గర విన్నవి, చదివినవి కలిపి రాస్తున్నా.

మన రాకెట్ల పని మొదలైంది వేరే సంస్థ ఒడిలో. 1962లో విక్రమ్ సారాభాయ్ నడిపిన, అంతరిక్ష పరిశోధన కోసం పెట్టిన ఇన్‌కోస్పార్ కమిటీ అణుశక్తి విభాగం కిందే పుట్టింది. 1963 నవంబరులో కేరళలోని తుంబా నుంచి మొదటి రాకెట్ వెళ్ళినప్పుడు అక్కడున్నదల్లా ఊళ్ళోని చర్చి, దాని చుట్టూ ఉన్న కట్టడాలే. 1969లో ఇస్రో అయింది. 1972లో స్పేస్ కమిషన్, అంతరిక్ష విభాగం విడిగా పెట్టారు. హెడ్డాఫీసు ఢిల్లీలో కాదు, బెంగళూరులో. అంటే పదేళ్ళు పెద్ద ఇంట్లో పెరిగి, కాళ్ళు నిలదొక్కుకున్నాకే వేరుపడింది.

నేను చెప్పాలనుకున్నది ఇది. స్పేస్ కమిషన్‌లో ఆర్థిక వ్యవహారాలకు ఒక మెంబర్ ఉంటారు. డబ్బు చూసే మనిషిని గేటు బయట నిలబెట్టలేదు, నిర్ణయం జరిగే బల్ల దగ్గరే కూర్చోబెట్టారు. ఆయన కాదంటే అక్కడే వాదించుకుంటారు, అవునంటే అక్కడే తేలిపోతుంది. అణుశక్తి కమిషన్‌లోనూ అంతే. అక్కౌంట్స్ నుంచి పారిపోవడం గురించి కాదు టెంకజీడి గారూ, మీ టీంలోకే అకౌంట్స్ మనిషిని ఒకర్ని తెచ్చుకోండి.

లెడ్జర్_అక్క
సూళ్ళూరుపేట గారూ, ఈ మాట ఎవరన్నా నాకు పదేళ్ళ కిందట చెప్పుంటే ఎంత బాగుండేది. ఆ స్పెషల్ టీంలో నన్ను వారానికి ఒక్కరోజు కూర్చోమని ఉంటే ఆ అడ్వాన్స్ నేను కట్టనిచ్చేదాన్ని కాదు. వాళ్ళకూ వేరే మంచి మెషిన్ దొరికేది.

కొత్తగా_చేరా
తిరుపతిలో ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. తప్పుగా అనుకోవద్దు, ఇన్ని తిప్పలెందుకు? రిజైన్ చేసి సొంతంగా స్టార్టప్ పెట్టొచ్చు కదా అన్నా?

టెంకజీడి
తప్పేం లేదు తమ్ముడూ, నేనూ రాత్రిళ్ళు ఇదే ఆలోచించా. లెక్క చూడు. టెంక మా ఫ్యాక్టరీ లైన్ చివర ఉచితంగా పడుతుంది. ఆవిరి మా బాయిలర్‌దే. ల్యాబ్ ఉంది. కొనేవాళ్ళలో కొందరు ఇప్పటికే మా గుజ్జు కస్టమర్లు. బయటికి వెళ్తే తడి టెంక లారీల్లో మోయాలి, దారిలోనే పాడవుతుంది. లోపల ఉండటంలో ఇంత బలం ఉంది కాబట్టే లోపలే చేయాలని నా పట్టుదల. ఆ బలం వాడుకోనివ్వండి, మిగతా విషయాల్లో పక్కకు తప్పుకోండి. నేనడిగేది అంతే.

నీవా_ఒడ్డు
నేను ఒక పెద్ద ఫ్యాక్టరీలో ప్లానింగ్‌లో 27 ఏళ్ళు చేసి రిటైరయ్యా. ఇందాకటి నుంచి చదువుతున్నా. అందరూ మొదలుపెట్టడం గురించే మాట్లాడుతున్నారు. నా అనుభవంలో ప్రాణం పోయేది చివర్లో.

మా దగ్గర కొత్త మోడల్ కోసం విడి సెల్ పెట్టారు. నేను అందులో ఒకణ్ణి. మాకు విడి షెడ్డు, విడి బడ్జెట్, నేరుగా పైకి రిపోర్టు. రేణిగుంట చెప్పినవన్నీ ఉన్నాయి. క్యాంటీన్ టైమింగ్ కూడా వేరే. ఏడాదిన్నరలో సరుకు తయారైంది, బాగా తయారైంది. దాన్ని మెయిన్ ప్లాంట్‌కు అప్పజెప్పే రోజు వచ్చింది. అక్కడి షిఫ్ట్ ఇన్‌చార్జ్ డ్రాయింగ్ చూసి, "ఇది మీ బిడ్డ, మీరే పెంచుకోండి" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ చెవుల్లో ఉంది. ఏడాదిన్నర మేం వాళ్ళతో కలిసి టీ తాగలేదు. మా డిజైన్‌లో రెండు భాగాలు వాళ్ళ మెషిన్లకు సరిపోనివి, మేం ఒక్కసారి అడిగి ఉంటే మొదటి నెలలోనే చెప్పేవాళ్ళు. మా అందరి కష్టం ఒక షెల్ఫ్ మీద దుమ్ము పట్టింది. నేను రిటైరయ్యే రోజు వెళ్ళి చూసొచ్చా, అక్కడే ఉంది.

జిరాక్స్ కంపెనీ 1970లో కాలిఫోర్నియాలో పార్క్ అని పరిశోధన కేంద్రం పెట్టింది. హెడ్డాఫీసు, కాపీయర్లు చేసేవాళ్ళు అమెరికాకు ఆ చివర. 1973 కల్లా మౌస్‌తో, కిటికీల్లాంటి తెరలతో నడిచే కంప్యూటర్ చేశారు. దాన్ని లోకానికి అమ్ముకున్నది మాత్రం ఎక్కువగా వేరేవాళ్ళు. దూరం స్వేచ్ఛనిచ్చింది. తిరిగొచ్చే దారి మాత్రం లేకుండా పోయింది.

కాబట్టి బాబూ, ఆ గోడౌన్ గదిలో తలుపేసుకోవద్దు.

రేణిగుంట_నైట్‌షిఫ్ట్
నీవా సార్, మీ కథ చదివి బాధేసింది. కానీ పార్క్ విషయంలో నేను ఒప్పుకోను. లేజర్ ప్రింటర్ కూడా అక్కడే పూర్తయింది. గ్యారీ స్టార్క్‌వెదర్ అనే ఆయన మొదట హెడ్డాఫీసు వైపు ల్యాబ్‌లోనే ఆ ఆలోచన మీద పనిచేశాడు, అక్కడి పైఅధికారికి అది నచ్చలేదు. 1971లో పార్క్‌కు మారాకే దాన్ని చేసి చూపించగలిగాడు. తర్వాత ఆ ప్రింటర్ల వ్యాపారంతో జిరాక్స్‌కు వచ్చిన డబ్బు తక్కువేం కాదు. అంత దూరం లేకుంటే ఆ ప్రింటర్ ఆ మొదటి ల్యాబ్‌లోనే ఆగిపోయేది. దూరంగా ఉండాల్సిందే.

నీవా_ఒడ్డు
ప్రింటర్ ఎందుకు అమ్ముడైంది? అది వాళ్ళ పాత కాపీయర్ మెషిన్‌కు చుట్టం. అమ్మేవాళ్ళకు, రిపేరు చేసేవాళ్ళకు అర్థమైంది. ఆ కంప్యూటరైతే వాళ్ళకు ఏ వైపు నుంచీ చుట్టం కాదు. నువ్వు చెప్పింది నా మాటనే బలపరుస్తోంది.

రేణిగుంట_నైట్‌షిఫ్ట్
అలా ఆలోచించలేదు సార్. సగం ఒప్పుకుంటా.

పాకాల_జంక్షన్
మరి టెంక కొవ్వు గుజ్జుకు చుట్టమా, కాదా?

టెంకజీడి
కాయ ఒకటే, కానీ కొనేవాడు వేరు, మెషిన్ వేరు, నిల్వ పద్ధతి వేరు. దూరపు చుట్టం అనుకోండి.

అలిపిరి_మెట్టు
తిరుపతిలో ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో టెక్నీషియన్ని. మాది చిన్న విషయం. శాంపిల్స్ రిపోర్టు ఫోన్‌కు పంపే పద్ధతి మేం ముగ్గురం సొంతంగా మొదలుపెట్టాం, మా సూపరింటెండెంట్ మేడం "ఒక్క వార్డులో చేసుకోండి, ఏదైనా జరిగితే నాది బాధ్యత" అన్నారు. అంతే ఆమె ఇచ్చింది. డబ్బు లేదు, గది లేదు. ఆ ఒక్క మాటతో ఆరు నెలలు నడిచింది. మేడం బదిలీ అయ్యారు, వారంలో ఆగిపోయింది. కాగితం మీద ఏదీ లేదు కాబట్టి కొత్తగా వచ్చినవాళ్ళకు అది మా ఇష్టారాజ్యంగా కనిపించింది. ఏది ఇచ్చినా రాసిమ్మని అడగండి.

తోతాపురి_తోట
దామలచెరువు దగ్గర నాలుగెకరాల తోట మాది. ఇక్కడ కంపెనీ విషయాలు మాట్లాడుతున్నారు, మా మాట కూడా ఒకటి వినండి. 2025 సీజన్లో కాయ ధర ఎలా పడిందో అందరికీ తెలుసు. కిలోకు 12 రూపాయలు దక్కాలని, అందులో 8 ఫ్యాక్టరీలు, 4 ప్రభుత్వం ఇవ్వాలని ప్రకటించారు. కాయ కొనే ర్యాంపుల దగ్గర ట్రాక్టర్లతో రాత్రుళ్ళు కాచుకున్నాం. గుజ్జు ఒక్కదాని మీదే ఫ్యాక్టరీ బతికితే, గుజ్జు అమ్ముడుపోని ఏడాది మా కాయా అంతే. టెంకలో, తొక్కలో కూడా డబ్బుందని తేలితే రేటు అడగడానికి మాకో ఆధారం ఉంటుంది. మీ ఎండీకి ఈ పని సరదా ప్రయోగం కావచ్చు. మాకు కాదు. గట్టిగా నిలబడు నాయనా.

టెంకజీడి
పెద్దాయనా, మీ పోస్టు రెండుసార్లు చదివా. మా నాన్నదీ మూడెకరాల తోతాపురే.

సూళ్ళూరుపేట_సైకిల్
ఇంకో ఉదాహరణ ఇచ్చి ఆపుతా. 1984లో టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీలు మనమే చేసుకోవాలని సీ-డాట్ అనే సంస్థ పెట్టినప్పుడు శ్యామ్ పిట్రోడా బృందానికి 36 నెలలు, 36 కోట్లు అన్నారు. టెలికాం శాఖ మామూలు పద్ధతుల నుంచి బయట, సొంతంగా మనుషుల్ని తీసుకునే వీలుతో. ఏసీ అక్కర్లేకుండా పల్లెల్లో పనిచేసే 128 లైన్ల ఎక్స్‌ఛేంజీ చేశారు. ఇక్కడ చూడాల్సింది, స్వేచ్ఛతో పాటు గడువూ, మొత్తమూ ముందే కట్టేశారు. హద్దు తెలిస్తే ఇచ్చేవాళ్ళకు భయం తగ్గుతుంది. మీరూ "ఒక సీజన్, ఇన్ని లక్షలు, తర్వాత మీ ఇష్టం" అని మీరే ముందు చెప్పండి.

రేణిగుంట_నైట్‌షిఫ్ట్
దీనికి తోడు ఐబీఎం కథ. పెద్ద కంపెనీ, ఏ పనైనా ఏళ్ళు పట్టేది. 1980లో ఫ్లోరిడాలోని బోకా రాటన్‌లో ఒక చిన్న బృందానికి పర్సనల్ కంప్యూటర్ పని ఇచ్చి, కంపెనీ రూల్స్ పక్కన పెట్టి, భాగాలు బయట కొనుక్కోనిచ్చారు. ఏడాదిలో, 1981 ఆగస్టులో మార్కెట్‌లోకి వచ్చింది.

లెడ్జర్_అక్క
ఆ బయట కొన్న భాగాలతోనే తర్వాత చాలా కంపెనీలు అలాంటి కంప్యూటర్లే చేసి అమ్ముకున్నాయి. ప్రాసెసర్ ఇంటెల్‌ది, ఆపరేటింగ్ సిస్టం మైక్రోసాఫ్ట్‌ది. తొందరలో ఏది కొనాలి, ఏది మన చేతిలోనే ఉంచుకోవాలి అని ఒకరు ఆగి ఆలోచించాలి. నేను అడిగేది అలాంటి మనిషి గురించే.

పాకాల_జంక్షన్
అక్క ఈ రోజు ఎవర్నీ వదలట్లేదు.

టెంకజీడి
ఇప్పటిదాకా చదివి రాసుకున్నది ఇది, తప్పులుంటే చెప్పండి. జూన్, జులైలో మా టీంను లైన్ మీదికి లాగకూడదు, ఇది నాకు అన్నిటికన్నా ముఖ్యం. సీజన్‌కు ఒక మొత్తం, అందులో చిన్న కొనుగోళ్ళు మా సంతకంతోనే. అకౌంట్స్ నుంచి ఒకరు మాతో. రిపోర్టులో లాభం బదులు ఈ ఏడాదికి వేరే కొలతలు: జీడిలో తేమ ఎంత దించాం, కొవ్వు ఎంత శాతం వచ్చింది, ఎంతమంది కొనుగోలుదారులు శాంపిల్ తీసుకున్నారు. నేరుగా ఎండీకి రిపోర్టు. అన్నీ కాగితం మీద.

నీవా_ఒడ్డు
ప్లాంట్ మేనేజర్ ఎక్కడ?

టెంకజీడి
ఆయన్ని తప్పించాలనే కదా సార్ ఇదంతా.

నీవా_ఒడ్డు
అదే వద్దంటున్నా. ఎండీ దగ్గరికి వెళ్ళే ముందు ఆయన దగ్గరికి వెళ్ళు. సీజన్లో నలుగురు మనుషులు తగ్గితే ఆయన లైన్ ఎలా నడపాలి? ఆ సమాధానం నువ్వే పట్టుకెళ్ళు. నలుగుర్నీ అడగకు, ఇద్దర్ని అడుగు. ఆయన మనిషి ఒకర్ని మీ గదిలో పెట్టమను. రేపు ఈ డ్రయ్యర్ పెద్దదై ఆయన షెడ్డులోకే వస్తుంది. ఆ రోజు ఆయన దాన్ని ముందే ఎరిగి ఉండాలి.

రేణిగుంట_నైట్‌షిఫ్ట్
సార్ మాట విను అన్నా. నేను నేరుగా ఎండీకే అన్నా కానీ, ప్లాంట్ మేనేజర్‌కు తెలియకుండా అని నా ఉద్దేశం కాదు.

తోతాపురి_తోట
ఏమైందో చెప్పు నాయనా, మధ్యలో వదిలేయకు.

టెంకజీడి
పది రోజుల తర్వాత రాస్తున్నా. ముందు ప్లాంట్ మేనేజర్ దగ్గరికే వెళ్ళా. అరగంట ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "పోయినేడు మీ వాళ్ళను లాగినందుకు నాకూ బాగోలేదు, కానీ ఆ రోజు యార్డులో నలభై లారీలున్నాయి" అన్నారు. ఆ మాట నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆయనే ఒక షిఫ్ట్ ఇన్‌చార్జ్ పేరు చెప్పారు, బాయిలర్ ఆవిరి లైన్ గురించి బాగా తెలిసినవాడు, వారానికి రెండు రోజులు మాతో ఉంటాడు.

నిన్న ఎండీతో. సీజన్లో ఇద్దరిని కదపరు, మిగతా ఇద్దరు లైన్‌కు వెళ్ళాలి. సీజన్ మొత్తానికి మూడు లక్షలు, ఒక్కో కొనుగోలు 40 వేలు దాటకపోతే నా సంతకం చాలు. అకౌంట్స్ నుంచి ఒక అబ్బాయి మంగళ, శుక్రవారాలు మా గదిలోనే కూర్చుంటాడు. కొత్త కొలతలకు ఒప్పుకున్నారు, ఒక్క సీజన్‌కే. నేరుగా రిపోర్టు మాత్రం ఒప్పుకోలేదు. నెలకోసారి మీటింగ్‌లో ఎండీ, ప్లాంట్ మేనేజర్ ఇద్దరూ ఉంటారు. రెండు పేజీల మెయిల్ వచ్చింది, ప్రింట్ తీసి దాచా.

నీవా_ఒడ్డు
మాకు దొరకనిది నీకు దొరికింది. ఆ షిఫ్ట్ ఇన్‌చార్జ్‌తో మొదటి రోజే టీ తాగు.

అలిపిరి_మెట్టు
మెయిల్ వచ్చిందన్నారు, అది చాలు నాకు.

తోతాపురి_తోట
మొదటి జీడి ఎండిన రోజు చెప్పు, వచ్చి చూస్తా. మా తోట కాయే ముందు వేయాలి.

టెంకజీడి
తప్పకుండా పెద్దాయనా.

లెడ్జర్_అక్క
సంతోషం తమ్ముడూ. ఒక్కటే అడుగుతా. ఆ 40 వేలు జీఎస్టీ కలిపా, కాకుండానా? మెయిల్లో ఉందా?

టెంకజీడి
లేదక్కా. రేపు పొద్దున్నే అడుగుతా.